మెరక, పల్లం, మట్టి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఆరింటిని ఒకచోట చేర్చాము. అడిగినవారి ఊళ్లు వేరైనా వారిని వేధిస్తున్న సందేహం ఇంచుమించు ఒకటే: ఒక ఊరి పంట పక్క ఊళ్లో ఎందుకు పండదు? నేలల గురించి మాట్లాడేటప్పుడు రంగును ముందు చెప్పడం మనకు అలవాటు. పడిన వాన ఆ నేలలో ఎంత లోతున, ఎన్నాళ్లు నిలుస్తుందన్నది రంగుకన్నా ముఖ్యమని మా అభిప్రాయం. ఈ జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాము.

ప్రశ్న: మాది తాండూరు ప్రాంతం. తాతల నాటి నుంచి కంది, జొన్న, శనగ వేస్తున్నాము. మా చెల్లెలిని మహబూబ్‌నగర్ దగ్గరి పల్లెకు ఇచ్చాము. అక్కడ తొలకరి పడగానే విత్తనం వేస్తారు, చెరువు కింద వరి నాటుతారు, చల్కల్లో ఆముదం, వేరుశనగ పండిస్తారు. ఒక పూట ప్రయాణం దూరంలో వ్యవసాయం ఇంత వేరుగా ఎందుకుంది?
– ఒక రైతు, తాండూరు

జవాబు: వాన మీ వైపు కొంత ఎక్కువే. అయితే మీరు చూసిన తేడాలో ఎక్కువ భాగం వానది కాదు, నేల అడుగున ఉన్న రాతిది. మీ పొలాల కింద ఉన్నది ఇళ్ల గచ్చుకు పరిచే నాపరాయి, అంటే సున్నపురాయి పలకలు. అక్కడి నుంచి పడమటికి, మహారాష్ట్ర వైపు పోయే కొద్దీ, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట లావా పొరలు పొరలుగా పారి చల్లారిన నల్లరాయి కనిపిస్తుంది. మీ చెల్లెలి ఊరి కింద ఉన్నది గ్రానైటు, దాని జాతి రాళ్లు. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. సున్నం, మెగ్నీషియం బాగా ఉన్న రాయి శిథిలమైతే మిగిలేది సన్నని బంకమన్ను. గ్రానైటు శిథిలమైనప్పుడు దానిలోని పలుగురాతి గింజలు కరగక ఇసుకగా మిగిలిపోతాయి, ఉన్న కొద్దిపాటి ఇనుము తుప్పుపట్టి ఆ మట్టికి ఎర్రరంగు ఇస్తుంది. మీ రేగడికీ వారి చల్కకూ పుట్టుకలోనే ఉన్న తేడా ఇది.

రేగడిలోని బంకమన్ను రేకులు రేకులుగా ఉండి, తడిసినప్పుడు రేకుల మధ్య నీరు చేరి ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చేది అందుకే. పైమట్టి ఆ నెర్రెల్లోకి రాలి, వానకు నేల మళ్లీ ఉబ్బినప్పుడు అడుగు మట్టి పైకి తోసుకు వస్తుంది కనుక రేగడిని తనను తాను దున్నుకునే నేల అంటారు. ఈ సుగుణంతో పాటు ఒక చిక్కు కూడా ఉంది. బాగా తడిసిన రేగడి కాలికీ గొర్రుకూ అంటుకుని అడుగు కదలనివ్వదు. ఎండితే గడ్డలు రాళ్లలా బిగుస్తాయి. రెంటికీ మధ్య పదును నిలిచేది కొద్ది రోజులే. కాబట్టి పాతకాలపు రేగడి రైతు వానాకాలమంతా చాలా పొలాన్ని ఖాళీగా ఉంచి, కలుపు లేవకుండా గుంటక తోలుతూ, పడిన వాననంతా నేలలోనే దాచుకుని, ఆశ్వయుజ కార్తీకాలలో శనగ, జొన్న విత్తేవాడు. ఆ తరువాత చినుకు రాలకపోయినా అడుగున దాగిన తేమతో పంట చేతికి వచ్చేది. కంది సంగతి కొంచెం వేరు: తొలకరికే విత్తినా వానలు వెనుకబట్టిన తరువాతనే పూతకు వస్తుంది, దాని వేరు ఆ తేమను వెదుక్కుంటూ లోతుకు దిగుతుంది. మీ తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిందంటే అందులో రైతు నేర్పుతో పాటు ఈ నేల వాటా కూడా ఉంది.

చల్క తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. పడిన నీరు ఇట్టే ఇంకుతుంది, ఇట్టే ఆరుతుంది. వాన వెలిసిన మర్నాడే అరక కట్టవచ్చు, కాని రెండు వారాలు మొగం చాటేసిందంటే పైరు వాడిపోతుంది. లోతైన రేగడి పట్టి ఉంచే నీటిలో మూడో వంతో, సగమో మాత్రమే పలుచని చల్క పట్టగలదు. నేల దాచలేని నీటిని బయట ఎక్కడైనా దాచాలి కనుక ఆ సీమలో చెరువులు పుట్టాయి. అందుకు అక్కడి నేల వాలు కూడా కలిసివచ్చింది. గ్రానైటు భూమి గుట్టలు, బోడులు, వాటి మధ్య పల్లాలుగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండు గుట్టల నడుమ కట్ట వేస్తే చెరువు తయారవుతుంది, అడుగున గట్టి రాయి ఉన్నందున నీరు మరీ లోతుకు జారిపోదు, నిండి మత్తడి దూకిన నీరు దిగువ చెరువుకు చేరుతుంది. కాకతీయుల కాలపు పాఖాల, రామప్ప, లక్నవరం ఈ తీరునే వాడుకున్నాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణలో లెక్కకు వచ్చిన చెరువులు, కుంటలు 46 వేలకు పైబడ్డాయి. లావా రాతి మీది రేగడి సీమలో ఇన్ని చెరువులు కనిపించవు. అక్కడ నేలే చెరువు పని చేస్తున్నది.

ఈ రెండు నేలలనూ పక్కపక్కనే చూడాలనుకునేవారికి పటాన్‌చెరు మంచి చోటు. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ప్రాంగణంలో రేగడీ ఎర్రనేలా రెండూ ఉన్నందున మెట్ట పంటల పరిశోధన రెంటి మీదా సాగుతున్నది.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నల్లరేగడి నేలలు దక్కను లావా శిలల నుంచి ఏర్పడ్డాయని ప్రతి పుస్తకంలోనూ ఉంది. మరి మా గుంటూరులో, నంద్యాలలో లావా ఎక్కడ పారింది?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మంచి ప్రశ్న. మీ పుస్తకం చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పింది. మహారాష్ట్ర, మాళవ ప్రాంతాలకూ, మన ఆదిలాబాదు పడమటి భాగానికీ అది వర్తిస్తుంది. మీరు అడిగిన రెండు చోట్లా లావా లేదు.

నంద్యాల పొలాలున్నది ఎర్రమలకూ నల్లమలకూ నడుమ కుందూ నది లోయలో. అక్కడ అడుగున ఉన్నవి సున్నపురాయి, పలకరాయి. ఆ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలూ బండల గనులూ ఉన్నది ఆ రాయి వల్లనే. లావా కాకపోయినా సున్నం దండిగా ఉన్న రాయి కనుక, నీరు నెమ్మదిగా కదిలే చదునైన లోయ కనుక, ఏర్పడింది నల్లని బంకమన్నే. గుంటూరు వైపు నల్లనేలలో కొంత భాగం కృష్ణ మోసుకు వచ్చిన ఒండ్రు. కృష్ణ పుట్టిందేమో మహాబలేశ్వరం దగ్గర, లావా రాతి మీదనే. అంటే గుంటూరుకు లావా రాకపోయినా దాని పొడి మాత్రం నది వెంట వచ్చిందనుకోవచ్చు.

నల్లనేల ఏర్పడే మూడో దారి మరింత ఆసక్తికరమైనది. గ్రానైటు సీమలోనే ఏదైనా ఒక గట్టు మీద నిలబడి కింది వాగు దాకా నడిచి చూడండి. గట్టు మీద రాయి, మొరం. కొంచెం దిగితే పలుచని ఎర్ర గరప. ఇంకా దిగితే గోధుమరంగు నేల. వాగు దగ్గర నల్లమట్టి. అన్నింటికీ తల్లి ఆ గ్రానైటే. వాననీరు పైవాలులో కరిగించిన సున్నం, మెగ్నీషియం, సిలికా పల్లానికి చేరి, అక్కడ నీరు త్వరగా బయటపడే దారి లేక, ఉబ్బే జాతి బంకమన్నుగా కుదురుకుంటాయి. కాబట్టి నల్లరేగడి ఏర్పడడానికి తగిన రాయైనా ఉండాలి, తగిన పల్లమైనా ఉండాలి. గట్టున ఆముదమో కొర్రో, నడుమ వేరుశనగ, వాగు పక్కన పత్తి లేదా వరి అన్న పాత వరుస ఈ మట్టి వరుసను చూసి రైతులు కుదుర్చుకున్నదే.

రెండు చిన్న విషయాలు చేరుస్తాము. రాజమహేంద్రవరం చుట్టుపక్కల, పంగిడి వైపు, కంకర కొట్టే గనుల్లో లావా రాయి కొద్ది మేర ఉంది కనుక కోస్తాకు లావా బొత్తిగా తెలియదనడానికి వీలులేదు. ఇంగ్లీషు పుస్తకాల్లో నల్లనేలకు వాడే ‘రెగుర్’ అన్న మాట మన రేగడే. ఎవరి మాటనో బట్టీపడుతున్నామని విద్యార్థులు అనుకోనక్కరలేదు. పరీక్షలో మాత్రం లావా అనే రాయండి, మార్కులు దిద్దేవారి చేతిలో ఉండేది ఆ జవాబే.

ప్రశ్న: ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను. మా ఊరు అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు. పటంలో చూస్తే మాకు ఇటు బంగాళాఖాతం, అటు అరేబియా సముద్రం రెండూ మరీ దూరమేమీ కాదు. అయినా వాన ఎందుకు దక్కడం లేదు? వానే సరిగా లేని చోట వేరుశనగ అంతగా ఎలా పాతుకుపోయింది?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: దూరం కాదు, మధ్యలో ఉన్న కొండలు చూడండి. నైరుతి గాలులు అరేబియా సముద్రం మీది తేమతో వచ్చి పడమటి కనుమలను ఎక్కేటప్పుడు చల్లబడి అక్కడే కురిసేస్తాయి. మహాబలేశ్వరంలో ఏటా 5 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కనుమ దాటి కొద్ది పదుల కిలోమీటర్లు తూర్పుకు వస్తే అది వెయ్యి లోపుకు పడిపోతుంది. కిందికి దిగే గాలి వేడెక్కి ఆరిపోతుంది. మీ జిల్లాకు చేరేది ఆ ఆరిన గాలే కనుక ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ముగుస్తుంది. ఈశాన్య రుతువులో బంగాళాఖాతం వైపు నుంచి రావలసిన వానను నెల్లూరు తీరమూ, ఆ వెనుక వెలికొండ, శేషాచలం వంటి కొండల వరుసలూ ముందుగా అందుకుంటాయి. రెండు పంక్తులలోనూ చివర కూర్చున్న అతిథి పరిస్థితి మీ ఊరిది.

ఇక వేరుశనగ. ఈ మొక్క పువ్వు నేల మీద పూస్తుంది, కాయ నేల లోపల కాస్తుంది. పూత అయ్యాక పువ్వు నుంచి ఊడ కిందికి సాగి మట్టిని చీల్చుకుని లోపలికి దిగాలి. గట్టిపడే మట్టిలో ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. రేగడిలో పండించి ఆరిన తరువాత పీకితే చెట్టు చేతికి వస్తుంది, కాయలు నేలలో ఉండిపోతాయి. మీ ఇసుక గరప నేల గుల్లగా ఉన్నందున ఊడ సులువుగా దిగుతుంది, కోతనాడు చెట్టు కాయలతో సహా ఊడి వస్తుంది. నూరు, నూటపది రోజుల్లో చేతికి రావడం, మార్కెట్టులో అమ్ముడుపోవడం, కట్టె పశువులకు మేతగా పనికిరావడం తరువాతి కారణాలు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట రాయలసీమ పంటగా మారిందంటే ఆ నేలతో దానికి కుదిరిన పొత్తే మొదటి కారణం.

అయితే ఆ పొత్తుకు ఒక హద్దు ఉంది, దానిని గుర్తించకపోవడం వల్లనే జిల్లా నష్టపోయిందని మేము భావిస్తున్నాము. చాలాచోట్ల అడుగు, అడుగున్నర లోతు దాటగానే మొరం తగిలే నేల అది. ఊడలు దిగే వేళ ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే ఆ పలుచని మట్టిలో పంటను నిలబెట్టగల తేమ ఉండదు. వెనుకటి రైతులు కంది, జొన్న, అలసంద, ఆముదం కలిపి వేసేవారు; అన్నీ ఒకే వారంలో నీటికోసం అలమటించవు కనుక ఏదో ఒకటి మిగిలేది. ఒకే పంట లక్షల ఎకరాలకు పాకిన తరువాత ఆ వెసులుబాటు పోయింది. బోర్ల మీద ఆధారపడిన చీనీ (బత్తాయి) తోటలకూ ఇదే చిక్కు: గ్రానైటులో నీరు నిలిచేది రాతి పగుళ్లలో మాత్రమే. ఒక పగులు ఎండితే పక్క బోరు కూడా ఎండిపోతుంది. గుంతకల్లు, తాడిపత్రి వైపు నల్లనేల ఉన్న మీ జిల్లా రైతులు ఇప్పటికీ అదే వానతో శనగ పండిస్తున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

ప్రశ్న: మాది కోనసీమ. కనుచూపు మేర చదునే. అయినా మా పెద్దలు మెరక చేను, పల్లపు చేను అని వేరుచేసి చెబుతారు. మెరకలో కొబ్బరి, పల్లంలో వరి అంటారు. ఈ చదునులో మెరక ఎక్కడ, పల్లం ఎక్కడ?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: డెల్టాలో రెండు మూడు అడుగుల ఎత్తు చాలునమ్మా, పంట మారిపోవడానికి. గోదావరి వరదకు గట్లు దాటినప్పుడు బరువైన ఇసుక, ఒండ్రు ఒడ్డు దగ్గరే జారవిడుస్తుంది. సన్నని బంకమన్ను మాత్రం నిలిచిన నీటితో దూరం పోయి అక్కడ పేరుకుంటుంది. వేల ఏళ్లు ఇలా జరిగేసరికి నది ఒడ్లు ఎత్తుగా, రెండు పాయల నడుమ భూమి పల్లంగా తయారయ్యాయి. మామూలు లోయలో నది అన్నిటికన్నా పల్లంలో పారుతుంది. డెల్టాలో మాత్రం నదే చుట్టుపక్కల పొలాల కన్నా ఎత్తున పారుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గుట్టు కూడా ఇందులోనే ఉంది. ఆర్థర్ కాటన్ ఆనకట్టను డెల్టా తలదగ్గర కట్టించాడు. అక్కడి నుంచి సాగునీటి కాలువ మెరక వెంట, మురుగు కాలువ పల్లం వెంట నడిస్తే, నీరు పల్లమెరుగు కనుక, ఏ యంత్రమూ లేకుండా చేలు తడిసి, మిగిలింది సముద్రానికి పోతుంది.

మీ ఊళ్లలో రెండో రకం మెరక కూడా ఉంది. డెల్టా సముద్రంలోకి పెరుగుతూ పోయినప్పుడు ఒకప్పటి తీరాలు ఇసుక దిబ్బల వరుసలుగా లోపలే ఉండిపోయాయి. ఇవి నేటి తీరానికి దాదాపు సమాంతరంగా ఉంటాయి. వరద ముంచని చోటు కనుక ఊళ్లు, దారులు చాలావరకు వాటి మీదనే వెలిశాయి. నీరు నిలవని ఇసుక, అడుగున కొద్ది లోతులోనే మంచినీటి పొర ఉన్నందున కొబ్బరికి అంతకన్నా అనువైన చోటు లేదు. దిబ్బకూ దిబ్బకూ నడుమ బంకమట్టి పల్లాలలో వరి పండుతుంది. ఇక నది నడుమ లంకలు. వరద కొత్త ఒండ్రు వేసి పోతుంది కనుక అక్కడ కూరగాయలు, అరటి, చుట్టలకు వాడే లంక పొగాకు పండుతాయి. అదే వరద ఏదో ఒక ఏడు లంకనే కోసుకుపోతుంది కూడా.

పల్లానికి పరాకాష్ఠ కొల్లేరు. గోదావరి, కృష్ణ డెల్టాలు రెండు వైపుల నుంచీ పెరిగి సముద్రం వైపు మూసుకుపోగా నడుమ మిగిలిన గుంట అది. బుడమేరు, తమ్మిలేరు అందులోకి వస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. అక్కడి భూమికి విలువ కట్టేది అడుగులలోనే. 1999లో అభయారణ్యం హద్దును సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత దాకా నిర్ణయించారు, 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఆ గీత లోపలి చేపల చెరువులను కొట్టివేశారు. వరి మునిగిపోయే ఆ బంకమన్ను నీటిని ఇంకనివ్వదు కనుకనే కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాలు చేపల చెరువులకు అంత అనువుగా కుదిరాయి. పల్లాన్ని వదులుకోని రైతులు మనవారొక్కరే కారు. కేరళలోని కుట్టనాడులో సముద్రమట్టానికి మీటరుకు పైగా దిగువన, గట్లు కట్టి నీరు తోడి, వరి పండిస్తారు.

డెల్టా రైతు కష్టం ఎప్పుడూ నీరు రాకపోవడమే కాదు, పోకపోవడం కూడా. మురుగు కాలువల మొగలు ఇసుక మేట వేసి పూడిపోతే ఎగువన ఎంత మంచి కాలువ ఉన్నా పల్లపు చేను కార్తీకంలో నీట నానవలసిందే.

ప్రశ్న: చెరువు పూడిక మన్ను ఉచితంగా తోలుకోవచ్చని చెబుతున్నారు. మాది రేగడి పొలం. తోలించమంటారా?
– ఒక రైతు, ఆదిలాబాదు జిల్లా

జవాబు: వద్దు. పూడిక మన్ను చాలావరకు బంకమన్నే. ఎగువ చల్కల నుంచి వాన కడిగి తెచ్చిన సన్నమట్టి అది. దానిని తిరిగి చల్కకే తోలితే తేమ నిలిచే గుణం పెరుగుతుంది, రైతు సొత్తు రైతుకు చేరినట్టవుతుంది. బంక ఇప్పటికే ఎక్కువగా ఉన్న మీ నేలకు ఇంకా బంక చేర్చడానికి బండి కిరాయి దండగ. మీకు కావలసింది పశువుల ఎరువు, వాలుకు అడ్డంగా దున్నకం, మిగులునీరు పోయే బోదెలు. కాలువ నీరు వచ్చే రేగడి అయితే మరింత జాగ్రత్త అవసరం: మురుగు పోయే దారి లేకుండా తడి మీద తడి పెడితే అడుగు ఉప్పు పైకి లేచి చౌడు పుడుతుంది. తుంగభద్ర ఆయకట్టులో కర్ణాటక వైపు చాలా భూమి ఇలాగే పాడయింది.

ప్రశ్న: అమెరికాలో స్థిరపడ్డాను. ఖమ్మం దగ్గర పది ఎకరాల ఎర్రనేల ఉంది. అరకు నేల కూడా ఎర్రదేనంటారు కనుక కాఫీ వేద్దామని ఆలోచన. మీ సలహా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఎరుపు కలిసింది, ఎత్తు కలవలేదు. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. కాఫీ తోటలు ఎక్కువగా ఉన్నది దాని చుట్టూ ఉన్న ఏటవాలుల మీద. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి అరకు మైదానం కన్నా ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది, అరబికా మొక్క కోరేది ఆ చల్లదనాన్నే. 100 మీటర్ల చిల్లర ఎత్తులో, వేసవిలో 45 డిగ్రీలకు చేరే ఖమ్మంలో ఎంత నీరు పెట్టినా ఆ లోటు తీరదు. రెండో కారణం వాలు: కాఫీ వేరు నిలిచిన నీటిని ఓర్చుకోదు, కొండవాలులో నీరు దానంతటదే జారిపోతుంది. అక్కడి గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్లకే మిరియం పాకించి, కాఫీ పెంచుతున్నారు; 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే కొండ మీద లోయ అడుగున వరి, నడిమి వాలులో రాగి, సామ, వలిసె పండుతాయి. ఒకే ఊరి భూమిలో ఎత్తును బట్టి పంటలు మారడం చూడాలనుకుంటే వలిసె పూత కాలంలో ఒకసారి అరకు వెళ్లి రండి.

మీ పది ఎకరాలకు ముందు మట్టి పరీక్ష చేయించి, ఒక మూల నాలుగడుగుల గొయ్యి తీయించి మొరం ఎంత లోతున తగులుతుందో చూడండి. లోతు ఉండి నీటి వసతి కూడా ఉంటే మామిడి గురించో, అశ్వారావుపేట వైపు రైతులు వేస్తున్న ఆయిల్‌పామ్ గురించో ఆలోచించవచ్చు. అడుగులోపే మొరం తగిలితే కంది, పెసర వంటి మెట్ట పంటలే మేలు.